వీపుతో చూసే రొయ్య

దగ్గరికి జరుగు బిడ్డా, ఇంకాస్త. గోడకు ఆనుకుని కూర్చో. ఇది భువనగిరి దగ్గర నేతవాడలో జరిగిన ముచ్చట, తొంభైల మొదట్లో, సీతారాములుకు చూపు పోయిన ఏడాది.

సీతారాములు చిటికి పనిలో చేయి తిరిగినవాడు. నూలుకు ముందే ముడులు కట్టి రంగులో ముంచి, మగ్గం మీద పోగుకు పోగు కలిపాడంటే గుడ్డ మీద ఏనుగులు బారులు తీరి నడిచేవి. ఆ కలపడమంతా కంటి పని. ఆ కళ్ళే పోయాయి. కంటి నరం ఎండిపోయింది, ఆపరేషన్‌తో తిరిగొచ్చేది కాదన్నారు పట్నం దవాఖానలో. ఆ మాట విన్నాక అతను అన్నం ముందు కూర్చుంటే కూర్చున్నట్టే ఉండేవాడు. ఒకనాడు, గిలక చప్పుడు వినపడుతోంది, బావి ఎటువైపని భార్యను అడిగాడు. ఎందుకని వెంకటనర్సమ్మ అడగలేదు. ఆనాటి నుంచి అతన్ని ఒంటరిగా మాత్రం వదల్లేదు.

కండెలు చుట్టుకునే వేళకు అతన్ని పక్కింటి చోటే మియా కొట్టంలో కూర్చోబెట్టి వెళ్ళేది. నూలుకు రంగు వేసేది ఆ మియానే. సీతారాములు నేసిన ఏ గుడ్డకైనా వంక పెట్టనిదే అతనికి పొద్దు గడవదు. ఏనుగుకు తొండం కురచైందనేవాడు, గుర్రం గాడిదలా ఉందనేవాడు. కొట్టంలో ఎప్పుడూ కాగులు కాగుతూ ఉండేవి. ఆ రంగు మందుల్లో గంధకం, అందుకే కుళ్ళిన గుడ్ల వాసన.

మియా బిడ్డ లాడ్లీ బేగం కాలేజీలో సైన్సు చదివేది. రేడియోలో విన్నదల్లా తండ్రికి చెప్పేది.

"అబ్బా, సముద్రం అడుగున గూడ నీ అసొంటి బట్టీ ఉన్నదంట!"

"నన్నడగకుంట ఎవడు పెట్టిండే?"

మైళ్ళ లోతున, ఎండ ఏనాడూ దిగని చోట, నేల పగిలి కాగిన నీళ్ళు నల్లటి పొగలా ఎగజిమ్ముతాయట. అక్కడా గంధకం, అదే కుళ్ళు వాసన. కంటికి ఆనని పురుగులు ఆ గంధకంతోనే బతుకుతాయట. వాటి మీద ఆధారపడి మిగతా జీవాలు. సూర్యుడితో పనే లేదట.

"గీ వాసనతోని బతుకుతయా? మరి నేను పుట్టినసంది పీలుస్తున్న, గింత బక్కగ ఎందుకున్ననే?" అన్నాడు మియా.

"ఇంకోటి ఇను. ఆడ రొయ్యలుంటయ్, గుంపులు గుంపులు. తలకాయకు కండ్లుండయ్. ఈపు మీద మచ్చ ఉంటది. కాగే నీళ్ళ కాడ సన్నటి ఎలుగుంటదంట, మన కండ్లకు ఆనదు. గా ఎలుగును మచ్చతోని చూస్తయేమోనని సైంటిస్టులు అంటున్నరు."

మూల నుంచి సీతారాములు తల ఎత్తాడు. "మళ్ళ చెప్పు బిడ్డా."

లాడ్లీ మళ్ళీ చెప్పింది. అతను అంగీ విప్పి పొయ్యి వైపు వీపు తిప్పాడు.

"కాకా, అది రొయ్య. మనిషికి గట్ల..." అనబోయిన బిడ్డను మియా చేయెత్తి ఆపాడు.

ఇక రోజూ అదే పని. "మంట పెద్దగైంది", "ఇగో, తగ్గింది" అనేవాడు. నిజమే అయ్యేది. చూడవచ్చిన వెంకటనర్సమ్మ తలుపు పట్టుకుని ఏడ్చేసింది, సంతోషంతో. అతను తన చేత్తో అన్నం కలుపుకుని తిన్నాడు. బావి మాట మళ్ళీ ఎత్తలేదు.

ఒక మధ్యాహ్నం మియా పొయ్యి మీద నీళ్ళు చల్లి అంగడికి పోయాడు. కాగు మాత్రం ఇంకా పొగలు కక్కుతూనే ఉంది. వెంకటనర్సమ్మ వచ్చేసరికి సీతారాములు దానికి వీపు పెట్టి కూర్చున్నాడు.

"నర్సమ్మా, మంట ఎంత తెల్లగ కొడుతాందే! ఈపంత ఎలుగే."

ఆమె పొయ్యిలోకి చూసింది. తడి బూడిద. అతనికి తెలిసేది వెలుగు కాదు, వేడి.

"అవునయ్యా, మస్తు మండుతాంది" అన్నది.

తెల్లారి అతను మగ్గం గుంటలోకి దిగాడు. చూపు పోకముందు ఎక్కించిన పడుగు అలాగే ఉంది. కిటికీ ఎండకు వీపు పెట్టి, వేళ్ళతో తడుముతూ నేశాడు.

"కలిసిందా?"

"కలిసిందయ్యా."

ఏనుగుల తలలు ఒకచోట, కాళ్ళు ఇంకోచోట. అడిగినప్పుడల్లా ఆమె కలిసిందనే చెప్పేది. పెరట్లోకి పోయి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చి వచ్చేది.

చివరికి మియా గుడ్డ చూడటానికి వచ్చాడు. గుమ్మంలోనే ఆమె రెండు చేతులూ జోడించింది. మియా గుడ్డను చూశాడు, ఆమెను చూశాడు.

"వాహ్ భాయ్! మస్తుగున్నది."

సీతారాములు చేతిలో అటూ ఇటూ ఆడుతున్న నాడె ఆగిపోయింది.

"మియా, నా గుడ్డకు వంక పెట్టకుంట ఎన్నడన్న ఉన్నవా?"

సీతారాములు భార్య వైపు తిరిగాడు.

"నర్సమ్మా, ఎప్పటిసంది?"

"పొయ్యి ఆరినా నువ్వు ఎలుగన్న దినంసంది."

అతను గుడ్డ మీద అరచేయి ఒకసారి రాసి, గుంటలోంచి లేచాడు. అంగీ అడిగి తొడుక్కున్నాడు.

సాయంత్రం లాడ్లీని పిలిచి అడిగాడు. "బిడ్డా, ఆడ నీళ్ళు సల్లారితే?"

"గట్ల కొన్ని ఊటలు ఆరిపోతయంట కాకా. ఆన్నే అతుక్కుని బతికేటియి..." అని ఆ పిల్ల ఆగిపోయింది.

"సచ్చిపోతయ్" అన్నాడు అతనే.

ఆనాటి నుంచి వెంకటనర్సమ్మ తన కొంగును అతని ధోవతి అంచుకు ముడేసుకుని పడుకునేది. ఏళ్ళ తరబడి ఆ ముడి అలాగే పడింది. అతను మళ్ళీ గుంటలోకి దిగలేదు. ఎండాకాలం ఉక్కలో కూడా అంగీ విప్పలేదు.

గుర్తుపెట్టుకో బిడ్డా, నీ పిల్లలకు చెప్పు. రొయ్య నిజమేనని చెప్పు, లాడ్లీ అబద్ధమాడలేదు. ఆడింది నర్సమ్మ. ఎందుకాడిందో ఆ బావి ముచ్చట వదలకుండా చెప్పు.