అక్క కట్టిన చందా

ఆ వారపత్రికలో రాజకీయాలు, పరిశోధన కథనాలు, రెండు కథలు, ఒక సీరియల్ వచ్చేవి. అయినా చాలామంది దాన్ని వెనక నుంచే తెరిచేవారు. చివరి పేజీలో పెద్దక్క ఉండేది. గంటసేపు బేరమాడి గెలిచి, ఇంటికొచ్చాక ఆ వస్తువు తనకు అక్కర్లేదని గుర్తుతెచ్చుకునే పెద్దక్క. రాంగ్ నంబరు వాళ్లను కూడా వదలకుండా వాళ్ల పిల్లల చదువుల గురించి సలహాలిచ్చే పెద్దక్క. ఆ పేజీ రాసే అతన్ని ఆఫీసులో అందరూ ‘చివరిపేజీ’ అనే పిలిచేవారు. ఎవరైనా అడిగితే పెద్దక్క ఉత్త కల్పన అని చెప్పేవాడు.

కల్పనేం కాదు. ఆమె అతని సొంత అక్క. బజారు మలుపులో బట్టలు సరిచేసే షాపు నడిపేది. ప్యాంట్లు పొట్టి చేయడం, జిప్పులు మార్చడం, ఒళ్లు చేసినవాళ్లకు పక్క కుట్లు విప్పి వదులు చేయడం ఆమె పని. బావగారు పోయాక ఇల్లూ షాపూ ఆమెకు ఒకటే అయిపోయాయి. తమ్ముడు వారం వారం వచ్చి మిషను పక్కన స్టూలు మీద కూర్చునేవాడు. ఆమె కుడుతూ మాట్లాడేది, అతను వినేవాడు. వెళ్లి రాసేవాడు.

తమ్ముడు రాస్తాడని అక్కకు తెలుసు. ఏం రాస్తాడో తెలియదు. ఎప్పుడైనా ఒక కాపీ అతనే తెచ్చిచ్చేవాడు. పెద్దక్క లేని వారం చూసుకుని మరీ తెచ్చేవాడు. ఆ వారం వాన మీదో, మంగలి షాపు మీదో రాసి ఉండేవాడు. అక్క దాన్ని కౌంటరు మీద పెట్టి, వచ్చినవాళ్లందరికీ “మా వాడు రాశాడు” అని చూపించేది.

ఒకరోజు అతను స్టూలు మీద కూర్చోగానే అక్క మిషను ఆపింది.

“చిన్నా, ఒక మంచి పని చేశాను. మీ పత్రికకు చందా కట్టేశాను. ఏడాదికి!”

“నేను తెస్తున్నాగా అక్కా. నీకెందుకు ఖర్చు?”

“నువ్వు తెచ్చేది ఎప్పుడో ఒకటి. అదీ నలిగిపోయింది. సొంత తమ్ముడు రాసే పత్రిక డబ్బిచ్చి కొనకపోతే సిగ్గుచేటు కాదూ?”

“క్యాన్సిల్ చేయిస్తాలే. ఇకనుంచి ప్రతి వారం నేనే తెస్తాను.”

“వద్దు. కవరు మీద నా పేరు అచ్చేసి పంపుతారట. ఈ షాపుకొచ్చే కరెంటు బిల్లు కూడా ఇంకా మీ బావ పేరు మీదే వస్తోంది. నా పేరుతో ఏదో ఒకటి రానీ.”

ఇక అతను ఆ మాట వదిలేశాడు. ఆ పూటే పెద్దక్క గురించి ఇక రాయకూడదనుకున్నాడు. కానీ అప్పటికే మూడు వారాల సరుకు ప్రెస్సుకు వెళ్లిపోయింది. మూడూ పెద్దక్కవే. ఆ మూడు సంచికలు అక్క కంటపడకుండా గట్టెక్కితే చాలు, తర్వాత తనంత బుద్ధిమంతుడు ఉండడని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు.

మొదటి సంచిక వచ్చే రోజు, అక్క వెనక గదిలో ఇస్త్రీ చేసుకునే వేళ చూసుకుని వెళ్లాడు. తలుపు పక్కనున్న పెట్టెలోంచి కవరు లాగి సంచిలో వేసుకున్నాడు. కవరు మీద అక్క పేరు నల్లగా, పెద్ద అక్షరాల్లో ఉంది. వీధి చివరికొచ్చేదాకా దాన్ని ఎక్కడ పారేయాలో తెలియక, చివరికి తన ఇంట్లో పరుపు కింద పెట్టాడు. రెండో వారం అతను వెళ్లేసరికి పోస్ట్‌మ్యాన్ మెట్ల దగ్గరే ఎదురయ్యాడు. “మేడమ్‌గారి తమ్ముడే కదా మీరు? ఇదిగోండి” అని నవ్వుతూ చేతిలో పెట్టాడు. మూడో వారమూ అంతే.

నాలుగో వారం తమ్ముడు ధైర్యంగా వచ్చి కూర్చున్నాడు. ఆ సంచికలో చివరి పేజీ నిండా గొడుగుల గురించే రాశాడు. పోస్ట్‌మ్యాన్ లోపలికి అడుగుపెట్టాడో లేదో అక్క లేచి నిలబడింది.

“ఏమయ్యా, మూడు వారాలుగా నా పుస్తకం ఎవరింట్లో పడేస్తున్నావు?”

“అయ్యో, ఇచ్చానండీ. మొదటిది పెట్టెలో వేశాను. తర్వాత రెండూ మీ తమ్ముడుగారి చేతికే ఇచ్చాను. ఇదిగో, వారే ఉన్నారుగా, అడగండి.”

ఇద్దరూ అతని వైపు చూశారు. నిజం చెప్పడానికి అంతకంటే సులువైన క్షణం మళ్లీ దొరకదని అతనికి తెలుసు. అయినా నోరు తన పని తాను చేసుకుపోయింది.

“నాకా? నాకెప్పుడిచ్చావు? ఇంకెవరికో ఇచ్చుంటావు.”

“మా తమ్ముడు ఆ పత్రికలోనే పనిచేస్తాడు” అంది అక్క. “వాడికి నా కాపీ దేనికయ్యా? తప్పు చేస్తే చేశానని చెప్పు. మధ్యలో వాణ్ని లాగుతావేం?”

పోస్ట్‌మ్యాన్ తమ్ముడి ముఖంలోకి కాసేపు చూశాడు. ఆ చూపులో కోపం ఉన్నా బాగుండేది. ఏదో అర్థంకాని మనిషిని చూసినట్టు చూసి, ఆ వారం పత్రిక కౌంటరు మీద పెట్టి, మెట్లు దిగి వెళ్లిపోయాడు. తమ్ముడు టీ తాగకుండానే లేచాడు.

రెండు రోజుల తర్వాత ఆఫీసులో చందాల విభాగం ఆవిడ అతని బల్ల దగ్గరికి వచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

“మొన్న మీ అక్కగారు ఫోన్ చేశారండీ. ఎంత బాగా మాట్లాడారు! చందా సంగతి ఐదు నిమిషాలు, మిగతాదంతా నా మోకాళ్ల నొప్పి గురించే. పాపం, మూడు సంచికలు అందలేదట. ఆ పోస్ట్‌మ్యాన్ మీద మన పత్రిక తరఫున గట్టిగా ఫిర్యాదు పంపించేశాను. ఉద్యోగానికి ఎసరొచ్చినా రావచ్చు, రానీండి.”

“ఫిర్యాదు ఎందుకండీ...”

“ఊరుకుంటే ఎలా? ఇంకో మాట. పోయిన మూడింటికి తోడు పాత సంచికలు కూడా కట్టగట్టి కొరియర్‌లో పంపాను, మన ఆఫీసు కానుకగా. పొద్దున్నే చేరినట్టు కబురు కూడా వచ్చింది. పెద్దక్కంటే నాకు ప్రాణం కదా, ఆవిడ ఉన్నవే ఏరి ఏరి పెట్టాను!”

అతను చేస్తున్న పని అలాగే వదిలేసి వచ్చేశాడు.

షాపు షట్టరు సగం దించి ఉంది. వంగి లోపలికి వెళ్లాడు. మిషను సూది కింద ఎవరిదో చొక్కా చెయ్యి సగం కుట్టి ఉంది. అక్క నేలమీద కూర్చుని, కళ్లద్దాలు పెట్టుకుని చదువుతోంది. చుట్టూ పత్రికలు పరిచి ఉన్నాయి. అన్నీ చివరి పేజీలు పైకి ఉండేలా మడిచి ఉన్నాయి.

“అక్కా, ఆ పోస్ట్‌మ్యాన్ తప్పేం లేదు. నేనే తీసుకెళ్లాను” అన్నాడు.

“తెలుసు” అంది ఆమె తలెత్తకుండా. “రెండోది చదువుతుంటే తెలిసింది. పోస్టాఫీసుకు ఫోన్ చేసి నాదే పొరపాటని చెప్పేశాను. మీ ఆఫీసువాళ్లు పంపిన ఫిర్యాదు సంగతి నువ్వు చూసుకో.”

అతను స్టూలు మీద కూర్చోబోయి, కూర్చోలేక నిలబడ్డాడు.

“ఇదిగో, ఈ నీళ్ల ట్యాంకు సంగతి. చదువుతూ గట్టిగా నవ్వాను. పాపం ఎవరో పిచ్చిమాలోకం అనుకున్నాను. సగానికొచ్చాక తెలిసింది, ఆ మాలోకం నేనేనని.” ఆమె ఆ పేజీ పక్కన పెట్టింది. “ఆ బ్యాంకు మేడమ్ ఒక బొత్తాం కుట్టించుకోడానికి వచ్చి గంట కూర్చునేది. ‘ఇంకేంటండీ సంగతులు’ అని అడిగి అడిగి చెప్పించుకునేది. నా మాటలంటే ఇష్టమేమో అనుకున్నాను. ఆవిడకు ముందే తెలుసన్నమాట. ఎంతమందికి తెలుసురా?”

“తెలీదక్కా.”

“నాకొక్కదానికే తెలీదు.”

వీధిలో ఎవరో షట్టరు తట్టి, లోపల అలికిడి లేకపోయేసరికి వెళ్లిపోయారు. అక్క ఒడిలోని పత్రిక తీసి అతనికి అందించింది. దాన్ని చూడకముందే అది ఏదో అతనికి తెలిసింది. ‘పెద్దక్క పెళ్లికెళ్లింది’. ఆ ఏడాది అన్నిటికంటే ఎక్కువ ఉత్తరాలు దానికే వచ్చాయి. సంపాదకుడు అందరి ముందూ భుజం తట్టింది దానికే.

పెద్దక్క ఒక అంతస్తు ఎక్కువ ఎక్కి, వేరే ఎవరిదో పెళ్లికి వెళ్లి, సుష్టుగా భోంచేసి, పెళ్లికూతురి చేతిలో బహుమతి పెట్టి, ఫోటో కూడా దిగి, బయటికొచ్చేటప్పుడు బోర్డు మీద పేర్లు చదివి గుండె బాదుకున్న వైనం అది.

“చదువు” అంది అక్క.

“అక్కా...”

“పైకి చదువు. ఎలా ఉంటుందో వింటాను.”

అతను చదివాడు. భోజనాల దగ్గర పెద్దక్క మూడోసారి వడ్డించుకున్న చోట ఆగిపోయాడు. అది జరగలేదు. నవ్వు చాలలేదని అతనే చేర్చాడు.

“మీ బావ పోయాక నేను ఒంటరిగా వెళ్లిన మొదటి పెళ్లి అది” అంది అక్క. “ఆయన స్నేహితుడి కూతురు. లోపలికి వెళ్తే ఒక్కరూ పలకరించలేదు. నాతో మాట్లాడాల్సి వస్తుందేమోనని మొహం చాటేస్తున్నారనుకున్నాను. ఆయనున్నప్పుడు మీద పడి పలకరించేవాళ్లు, ఇప్పుడు నేనెవరికి కావాలి అనుకున్నాను. లేచి వచ్చేస్తే నలుగురూ చూస్తారని తలొంచుకుని తిన్నాను. ముద్ద దిగలేదు. తర్వాత బోర్డు చూస్తే, వాళ్లెవరో నాకు తెలీనే తెలీదు. నీకు అన్నీ చెప్పాను కదరా ఆ సాయంత్రం. ఎంత ఏడ్చాను నీ ముందు! అన్నీ రాశావు. నేనెందుకు లేవలేకపోయానో ఒక్కటే రాయలేదు.”

అతను పత్రికతో ముఖం కప్పుకున్నాడు.

“ఏడవకు. నువ్వేడిస్తే నేను ఓదార్చాలి. నాకిప్పుడు ఓపిక లేదు.”

కాసేపటికి అతను తేరుకుని, “క్షమాపణ రాస్తానక్కా. చివరి పేజీలోనే. జరిగిందంతా రాసి, నేనెంత తప్పు చేశానో అందరికీ చెప్తాను” అన్నాడు.

అక్క మొదటిసారి తలెత్తి అతన్ని చూసింది.

“అంటే మళ్లీ నన్నే రాస్తావన్నమాట” అంది.

తను ఇచ్చుకోగలిగింది అదొక్కటే అనుకున్నాడు. అదీ చెల్లదని తేలాక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అక్క లేచి మిషను దగ్గర కూర్చుంది. చొక్కా చెయ్యి సరిచేసుకుంటూ, “ముందు వెళ్లి ఆ పోస్ట్‌మ్యాన్‌తో మాట్లాడు” అంది.

మర్నాడు ఫిర్యాదు వెనక్కి తీయించి, అతను పోస్టాఫీసుకు వెళ్లాడు. తీయించడానికి చందాల విభాగం ఆవిడకు నిజం చెప్పాల్సివచ్చింది. ఆవిడ ఇంకేమీ అడగకుండా ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నట్టు ఉత్తరం రాసేసి, ఆ తర్వాత కారిడార్లో ఎదురైనప్పుడల్లా మోకాళ్లు చూసుకుంటూ నడిచిపోయేది.

పోస్టాఫీసు వెనక గదిలో పోస్ట్‌మ్యాన్ ఉత్తరాలు వీధుల వారీగా సర్దుకుంటున్నాడు. తమ్ముడు పక్కకొచ్చి మెల్లగా చెప్పాడు, తప్పు తనదేనని, అబద్ధమాడానని.

“అది నాకు తెలుసు కదండీ” అన్నాడు పోస్ట్‌మ్యాన్. “మీరు నన్ను అబద్ధాలకోరును చేసింది మేడమ్ ముందు. ఇక్కడికొచ్చి నా చెవిలో చెప్తే ఏం లాభం?”

“అక్కకు చెప్పాను.”

“నేను లేనప్పుడు చెప్పారు. నేనున్నప్పుడు చెప్పండి.”

కాబట్టి ఆ వారం పత్రిక వచ్చే రోజు తమ్ముడు షాపులో నిలబడి, ఇద్దరు కస్టమర్లు కూడా ఉండగా, ఆ మాట మళ్లీ చెప్పాడు. మాటలు తడబడ్డాయి. చెవులు కాలిపోయాయి. పోస్ట్‌మ్యాన్ పూర్తిగా విని, “సరేనండీ” అన్నాడు. కవరు మాత్రం అతని చేతికివ్వకుండా, నాలుగడుగులు ఎక్కువ నడిచి అక్క చేతికిచ్చాడు.

పెద్దక్క ఏమైందని పాఠకులు కొన్నాళ్లు ఉత్తరాలు రాశారు. సంపాదకుడు మొదట బతిమాలి, తర్వాత విసుక్కుని, చివరి పేజీ ఇంకెవరికో ఇచ్చాడు. తమ్ముడు పుస్తక సమీక్షలు దిద్దే బల్లకు మారాడు. ‘చివరిపేజీ’ అన్న పిలుపు మాత్రం పోలేదు. పిలిచినప్పుడల్లా ఉలిక్కిపడి తిరిగి చూసేవాడు.

అక్క చందా మానలేదు. ఏడాది తిరిగాక మళ్లీ కట్టింది. తమ్ముడు వెళ్తే టీ ఇచ్చేది, ఆరోగ్యం అడిగేది. ఎండలు ముదిరాయనేది, దారం ధర పెరిగిందనేది. పేపర్లో వచ్చే సంగతులు తప్ప తన సంగతి ఒక్కటీ చెప్పేది కాదు. స్టూలు మీద కూర్చుని ఆ మిషను చప్పుడు వినడం కంటే తిట్లు తినడమే నయమనిపించేది అతనికి. అయినా వెళ్లడం మానలేదు.

ఒక మధ్యాహ్నం అతను వెళ్లేసరికి లోపలినుంచి నవ్వులు వినిపించాయి. అక్క కత్తెర గాలిలో తిప్పుతూ ఏదో చెబుతోంది. పోస్ట్‌మ్యాన్ సంచి కింద పెట్టి, కౌంటరు పట్టుకుని నవ్వుతున్నాడు. అలాంటి నవ్వు విని తమ్ముడికి ఏడాది దాటింది. గుమ్మంలో అతన్ని చూడగానే అక్క మాట సగంలో ఆగిపోయింది.

“మీరు మాట్లాడుకోండి. నేను బయట ఉంటాను” అని అతను మెట్లు దిగి, వీధిలో నిలబడ్డాడు. లోపల మళ్లీ మాటలు మొదలయ్యాయి. వినిపించకుండా ఇంకాస్త దూరం జరిగాడు.

పోస్ట్‌మ్యాన్ వెళ్లిపోయాక అక్క గుమ్మంలోకి వచ్చింది. “ఎండలో నిలబడతావేం? లోపలికి రా.”

అతను లోపలికి వెళ్లి స్టూలు మీద కూర్చున్నాడు. ఆమె ముఖం మీద నవ్వు ఇంకా పూర్తిగా ఆరలేదు. దేనికి నవ్వారో ఆమె చెప్పలేదు. అతను అడగలేదు.