ఎండాకాలం తీసిన వీడియో

డబ్బు పంపే కౌంటరు ముందు ఈ లైను కదిలి చావదేం, శుక్రవారం పొద్దున దోహాలోని కూలీలందరికీ ఒకేసారి ఇల్లు గుర్తొస్తుంది కాబోలు, నా ముందు ఇంకా తొమ్మిది మంది, చేతిలో కవరు చెమటకు మెత్తబడింది, ముషైరిబ్ మెట్రో గుంతలో ఐదేళ్లు దిగి ఎక్కిన కష్టమంతా ఇందులోనే ఉంది, వరల్డ్ కప్ కల్లా రైలు నడవాలట, నాకు మాత్రం ఇవాళే డబ్బు చేరాలి, గంగాప్రసాద్ ఇప్పటికే మూడుసార్లు ఫోన్ చేశాడు, హన్మాండ్లన్నా, నీ కోసమే ప్లాటు ఆపిన, మల్ల నన్ను అనద్దు, ఆయన్ను నమ్మకపోతే ఇంకెవరిని నమ్మాలి, దొంగ వీసాలతో మా ఊళ్లో ఎందరు మునిగారో, నాకు అసలు వీసా ఇప్పించింది ఆయనే, చెప్పిన కంపెనీ, చెప్పిన జీతం, అలాంటి మనిషి ఇప్పుడు ప్లాట్లు అమ్ముతుంటే కాగితాలు చూపించమని ఏ మొహంతో అడగను, వీడియో పంపాడు కదా, సున్నం గీతలు, హద్దురాళ్లు, ఒక రాయి మీద ఎర్రరంగుతో నా పేరు, క్యాంపంతా చూపించుకుని మురిసిపోయాను, నా రూమ్మేటు సురేందర్‌కైతే నేనే చెప్పాను, తీస్కో తమ్మీ, కండ్లు మూస్కొని తీస్కో, వాడు పోయిన నెలే డబ్బంతా కట్టేశాడు.

ఫోన్, నా భార్య గంగామణి, ప్లాటు చూడ్డానికి పోవద్దని చెప్పాను కదా, అయినా బీడీలు కార్ఖానాలో అప్పజెప్పి ఆటో ఎక్కి పోయిందట, ఏమయ్యా, ప్లాటు ఏడున్నది, నాకైతే నీళ్లే కనవడ్తున్నయ్, నీళ్లేంది, తొవ్వ తప్పినవేమో, తప్పలే, నువ్వు చెప్పిన తాటిచెట్ల పక్కకే నిలవడ్డ, ఈడ బర్లు మేపే అవ్వ నవ్వవట్టింది, అది చెరువు శిఖం బిడ్డా, ఎండాకాలం రాళ్లు పాతిండ్రు, వానలు వడంగనే మునిగినయ్, సర్కారు చెరువును నీ పేరు మీద ఎవలు రాసిస్తరు అంటున్నది.

సైటులో కాంక్రీటు పోసే ముందు ప్రతి కడ్డీకీ టేపు పెట్టేది నేను, చెకింగ్ కాకుండా పోస్తామంటే మాఫీ, మాఫీ, కుదరదు అని ఫోర్‌మన్ మీదికే లేచేది నేను, వీడియో ఏ నెలల తీసినవన్నా అని ఒక్క మాట అడగలేదు, ఇసుక చూసీ చూసీ నేలంటే ఎప్పుడూ ఎండిపోయే ఉంటుందనుకున్నానా, ఛీ, నా తెలివి తగలెయ్య, యల్లా భాయ్, యల్లా, వెనుకవాడు నెడుతున్నాడు, నా వంతు వచ్చింది, గాజు వెనుక పిల్ల ఎవరికి పంపాలని అడుగుతోంది, ఎవరికీ వద్దు, కవరు బనీనులో దోపుకుని పక్కకు జరిగాను, బతికాను, దేవుడా, గంగామణి కాళ్లు మొక్కాలి, బతికాను.

బయట ఎండలో సురేందర్, రెండు చేతుల్లో రెండు చాయ్‌లు, నన్ను చూసి మొహమంతా నవ్వు, కట్టినవా అన్నా, ఇగ మనం పక్కపక్కింటోళ్లం, చాయ్ అందుకున్నాను, వేలు కాలుతోంది, వాడిది ఉట్నూరు వైపు, గంగాప్రసాద్ మొహం ఎన్నడూ చూడలేదు, ఫోన్లో గొంతు కూడా వినలేదు, వాడు నమ్మింది నన్ను.