అమ్మవారు చెప్పలేదు

గురజాలకు ఆరు కిలోమీటర్ల దూరంలోని ఒక ఊళ్ళో, కల్లాల్లో మిరపకాయ ఎర్రగా ఎండుతున్న రోజుల్లో, కొండమ్మ ఇంటి గుమ్మానికి వేపమండలు కట్టారు. ఆ మండలు చూస్తే ఊళ్ళో ఎవరైనా సరే గొంతు తగ్గించి పక్కగా తప్పుకుపోతారు. ఇంట్లో అమ్మవారు ఉన్నదన్నమాట. కొండమ్మ మనవరాలు, ఎనిమిదేళ్ళ రుచితకు ఆటలమ్మ పోసింది.

కొండమ్మ నియమం తప్పే మనిషి కాదు. ఇంట్లో తాలింపు మాన్పించింది. కోడలు ప్రశాంతిని తల దువ్వుకోనివ్వలేదు. పిల్లను వేపాకు మీద పడుకోబెట్టి, పెరుగన్నం తినిపించింది. ఏడో రోజుకు పొక్కులు మాడాయి. ఆదివారం మొదటి నీళ్ళు పోశారు. మంగళవారం రెండోసారి, గురువారం మూడోసారి పోస్తే అమ్మవారిని సాగనంపినట్టే. అప్పటిదాకా పిల్ల గడప దాటకూడదు, మందన్నది లోపలికి రాకూడదు. ఇందులో తప్పేముందని మీరు అడగవచ్చు. చాలామంది పిల్లలకు ఆటలమ్మ ఇలాగే వస్తుంది, ఇలాగే పోతుంది. అందుకే మన నియమం ఎప్పుడూ నెగ్గినట్టే కనబడుతుంది. అది నెగ్గని ఒక ఇంటి సంగతి ఇప్పుడు చెబుతున్నాను.

సోమవారం పొద్దున రుచిత మంచం దిగి నాలుగడుగులు వేసి, కుడివైపుకు ఒరిగి, గోడ పట్టుకుని ఊగింది. కళ్ళు ఒకచోట నిలవడం లేదు. అటూ ఇటూ అదురుతున్నాయి. ఎదురుగా పళ్ళు తోముకుంటున్న తండ్రిని చూసి, ముద్దముద్దగా అన్నది.

"నాయనమ్మా, నాన్నలు ఇద్దరున్నారేంది?"

కొండమ్మ చేతిలోని చెంబు జారిపడింది. ఆమె మనవరాలి కాళ్ళ మీద పడిపోయింది.

"తల్లీ! వచ్చావా తల్లీ! నా ఇంటికి వచ్చి పలికావా!"

పిల్లకు తల పగిలిపోతోంది. ఉన్న ఒక్క మనిషి రెండుగా కనబడుతున్నాడు. ఆ సంగతి చెప్పబోయి దేవతైపోయింది. మధ్యాహ్నానికి వార్త ఊరంతా పాకింది. అరుగు మీద ఆడవాళ్ళు కొబ్బరికాయలతో వచ్చి కూర్చున్నారు. రుచిత రెండుసార్లు వాంతి చేసుకుంది. "అమ్మవారు ఉగ్రంగా ఉంది" అన్నారు.

ప్రశాంతి పెరట్లోకి పోయి, ఊరి నర్సు సాబిరాకు ఫోన్ చేసింది. సాబిరా స్కూటీ వేసుకుని పావుగంటలో వచ్చింది. గుమ్మం దగ్గరే ఆపేశారు. ఆమె పక్కకు తిరిగి కిటికీ ఊచల్లోంచి పిల్లను చూసింది. మొహం మారిపోయింది.

"ప్రశాంతక్కా, ఆటలమ్మ తగ్గేటప్పుడు ఎక్కడో వేలల్లో ఒక బిడ్డకు ఇది తలకెక్కుద్ది. తూలడం, తలనొప్పి, వాంతులు, మాట ముద్దకావడం, ఇవన్నీ దానివే. ఇక్కడ సూదులతో పొయ్యేది కాదు. ఇవాళే నరసరావుపేట తీసుకుపోండి. రేపనొద్దు."

ప్రశాంతి ఆ మాట అత్త కాళ్ళు పట్టుకుని చెప్పింది. ఆమె వినకపోతే భర్త ఆంజనేయులిని కల్లం నుంచి పిలిపించింది. అతను చెడ్డవాడు కాదు. కూతురంటే ప్రాణం. కానీ మూడో నీళ్ళు పడేదాకా ఓపిక పట్టమన్నాడు తల్లి మాటగా. ఆ తర్వాత అసలు మాట మెల్లగా బయటపెట్టాడు.

"బుధవారం పొద్దున మహేష్ గారు వస్తానని కబురు పెట్టాడే. మనింటికి! ఇన్నేళ్ళు జెండా మోసినా ఏనాడన్నా మన గడప తొక్కాడా?"

మహేష్ ప్రెసిడెంటు పదవికి రెండుసార్లు నిలబడి రెండుసార్లూ ఓడినవాడు. ఎన్నికలు మళ్ళీ దగ్గరపడుతున్నాయి. మునిగేవాడికి గడ్డిపోచ దొరికినట్టు అతనికి ఈ పిల్ల దొరికింది.

మంగళవారం ప్రశాంతి బిడ్డను భుజాన వేసుకుని గుమ్మం దాకా వచ్చింది. అరుగు మీదున్న ఆడవాళ్ళు లేచి అడ్డం నిలబడ్డారు. ఒక్కరూ చెయ్యి పట్టుకోలేదు, ఒక్కరూ కసురుకోలేదు. "తల్లి అలిగి పోతోందా ఏంది? మేమేం తప్పు చేశాం?" అంటూ అందరూ చేతులు జోడించారు. గొళ్ళెం పెట్టిన తలుపైతే బాదవచ్చు, విరగ్గొట్టవచ్చు. దణ్ణం పెట్టే చేతులను ఏ తల్లి తోసుకుపోగలదు? వెనక్కి వచ్చి మంచం మీద కూలబడింది. ఆ రోజు రెండో నీళ్ళు పోస్తుంటే రుచిత కూర్చోలేకపోయింది. ఆ ఊగడం చూసి డప్పులు తెప్పించారు. ఆ మోతకు పిల్ల రెండు చేతులతో తల పట్టుకుని ఏడ్చింది. తన ఇంట్లో, తన మనుషుల మధ్య, తన బిడ్డ తనకు దక్కకుండా పోతోందని ప్రశాంతికి తెలుస్తూనే ఉంది.

బుధవారం తొమ్మిది గంటలకు మహేష్ కారు వచ్చి వాకిట్లో ఆగింది. వెనక ఊరు ఊరంతా వచ్చింది. అతను పట్టుచీర, గాజులు పళ్ళెంలో పెట్టి మంచం ముందు మోకరిల్లాడు.

"ఈసారన్నా గెలిపిస్తావా తల్లీ?"

రుచిత బరువుగా కళ్ళు తెరిచింది.

"ఇద్దరు... ఇద్దరు మామలు..."

"చూశారా!" అన్నాడు వెనక నుంచి ఒకడు. "ఇద్దరంట! ప్రెసిడెంటు మీరు, సొసైటీకి మీ బామ్మర్ది!"

ఈలలు పడ్డాయి. ఆ సందట్లో రుచిత కళ్ళు మళ్ళీ మూతలు పడటం తల్లి ఒక్కతే చూసింది. "పాపా! రుచీ!" అని కుదిపింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు. పెదవుల దగ్గర చెవి పెట్టింది. చానాసేపటికి ఊపిరితో కలిసి ఒక్క ముక్క వచ్చింది.

"అమ్మా... తల..."

ప్రశాంతి నిటారుగా నిలబడింది. దువ్వని జుట్టు, నిద్రలేని ఎర్రటి కళ్ళు. ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది.

"అమ్మవారు పలికింది! నన్ను ఈ గడప దాటించమంటోంది. నరసరావుపేట ఆస్పత్రికి తీసుకుపొమ్మంటోంది. మహేష్ గారి కారులోనే పోతానంటోంది. ఆలస్యం చేస్తే ఆయనకు దక్కాల్సింది దక్కదంట!"

ఇద్దరన్న మాటను నమ్మిన మహేష్ ఈ మాటను కాదనడమెట్లా? అంతమంది ఎదుట కారు తలుపు అతనే తీశాడు. కొండమ్మ దారిపొడుగునా పసుపునీళ్ళు చల్లింది.

నకరికల్లు దాటాక రుచితకు ఫిట్స్ వచ్చాయి. ఆస్పత్రిలో డాక్టరమ్మ ముందు పిల్లను లోపలికి తీసుకుపోయి, ఆ తర్వాతే తల్లితో మాట్లాడింది.

"ఆటలమ్మ వైరస్ వల్ల మెదడు వాచింది. ఎన్నాళ్ళ నుంచి తూలుతోంది?"

"సోమవారం నుంచండీ."

"సోమవారమే తేవాల్సింది" అన్నది డాక్టరమ్మ. ఆ ఒక్క మాట ప్రశాంతి గుండెలో ముల్లులా దిగి ఉండిపోయింది.

పద్దెనిమిది రోజులకు రుచిత ఇంటికొచ్చింది. బతికింది. గోడ పట్టుకుని నడుస్తోంది. కుడిచేతిలో పెన్సిలు నిలవడం లేదు. తన పేరు రాయమంటే మొదటి అక్షరం దగ్గరే చెయ్యి వణుకుతుంది. వ్యాయామం చేయిస్తే మెరుగవుతుందన్నారు. పూర్తిగా అవుతుందని మాత్రం ఎవరూ అనలేదు.

ఊరు మాత్రం హారతులు పట్టింది. "తల్లే ఆస్పత్రి దారి చూపించింది" అన్నారు. ఎవరి మనసూ నొవ్వలేదు, ఎవరి తప్పూ బయటపడలేదు. ప్రశాంతికీ ఆ అబద్ధం అక్కరకొచ్చింది. అత్త తిట్టలేదు, మొగుడు నిలదీయలేదు. ఆమె నోరు మూసుకుంది. ఒక ఉచ్చులోంచి బిడ్డను బయటకు లాగి, తాను మరో ఉచ్చులో చిక్కుకున్న సంగతి అప్పటికి ఆమెకు తెలియలేదు.

నెల తిరగకముందే ఎదురింటి గుమ్మానికి వేపమండలు వచ్చాయి. ఆ ఇంటి బసవమ్మ మనవడు, ఆరేళ్ళ చైతన్యకు పోసింది. పదో రోజున ప్రశాంతి చూడబోయింది. వెంట కొండమ్మ కూడా వచ్చింది. నలుగురు ఆడవాళ్ళు అప్పటికే కూర్చుని ఉన్నారు. పిల్లవాడు మగతగా పడున్నాడు. పక్కన వాంతి చేసుకున్న గిన్నె. బసవమ్మ వంగి వాడి నోటి దగ్గర చెవి పెట్టుకుని ఉంది.

"ఏంది పిన్నీ, ఏం చేస్తున్నావు?"

"నిన్నటి నుంచి తలనొప్పని ఒకటే ఏడుపమ్మా. లేస్తే తూలిపడుతున్నాడు. ఆస్పత్రికి ఆటో కూడా మాట్లాడి పెట్టా. మీ పాప నోట పలికినట్టు వీడి నోట అమ్మవారు ఒక్కమాట అంటే చాలు, బయలుదేరడమే. ఇంకా అనటం లేదు ప్రశాంతీ."

ప్రశాంతికి అప్పుడు అర్థమైంది. తన అబద్ధమే ఈ బిడ్డకు అడ్డం పడుకుని ఉంది. నిజం చెబితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. అత్త ఇక్కడే ఉంది. ఊరు ఉమ్మేస్తుంది. మహేష్ ముందు ఆంజనేయులు తలెత్తుకోలేడు. పిల్లవాడు మూలిగాడు.

"అమ్మవారు అనదు పిన్నీ" అన్నది. "మా పాపకూ అనలేదు. నేనన్నా."

కొండమ్మ కోడలి మొహంలోకి చూసింది.

"ఏమే, తల్లి పేరు చెప్పి నాతోనే అబద్ధమాడావా?"

"ఆడా అత్తయ్యా. మూడు రోజులు నిజం చెప్పా. కాళ్ళు పట్టుకుని చెప్పా. ఒక్కరన్నా విన్నారా? అబద్ధం చెప్పిన నిమిషంలో కారు తలుపు తీశారు. ఆ మూడు రోజులే నా బిడ్డ చేతిలో పెన్సిలు నిలవనియ్యడం లేదేమో అని రోజూ చస్తున్నా."

మనవరాలి వణికే చేతికి రోజూ పొద్దున నూనె రాసి పట్టేది ఆ ముసలామే. ఆమె గుమ్మం దగ్గరికి నడిచి, వేపమండను పక్కకు జరిపి పట్టుకుంది.

"చూస్తారేందే? బిడ్డను లేపండి. పాపం ఉంటే నాకు చుట్టుకోనీండి."

ఆటో కదిలింది. ప్రశాంతి చైతన్యను ఒళ్ళో పడుకోబెట్టుకుంది. పక్కన బసవమ్మ ఏడుస్తూ దణ్ణాలు పెడుతోంది.

"పెట్టుకో పిన్నీ, వద్దనను. నేనూ పెడతా" అన్నది ప్రశాంతి. "కానీ దణ్ణం దారిలో పెట్టుకోవాల. బిడ్డ తలనొప్పంటే అది బిడ్డ మాట. దేవత చెబితేనే వింటామంటే, అప్పటికి చెప్పడానికి బిడ్డ ఉండదు."