జెండాగాడి రిపోర్టు

రెండేళ్లుగా క్రేన్ డ్రైవరుకి రోజూ గడ్డం గీసుకునే పని తప్పింది. వారానికోసారి గీసినా మొహం నున్నగానే ఉండేది. బ్లేడు అరగడం లేదని నవ్వేవాడు. భార్య పక్కన చేరాలన్న కోరిక కూడా అలాగే అడుగంటిందన్న సంగతి మాత్రం ఎవరికీ చెప్పుకోలేదు.

పెళ్లయి నాలుగేళ్లయినా పిల్లల్లేరని అప్పట్లో భార్య ఆసుపత్రికి లాక్కెళ్లింది. డాక్టరమ్మ ఇద్దరికీ పరీక్షలు రాసింది. వీర్యం పట్టి తెమ్మని సీసా చేతికిచ్చి గదిలోకి పంపితే అయ్యగారి వల్ల కాలేదు. ఇంటి దగ్గరే పట్టి తెస్తానని తప్పించుకుని, మర్నాడు సైటులో తన క్రేన్‌కి జెండా ఊపే స్నేహితుడి కాళ్లావేళ్లా పడ్డాడు. జెండాగాడు ముగ్గురు పిల్లల తండ్రి. ఇదెక్కడి సాయంరా బాబూ అని గొణుక్కుంటూనే సీసా నింపి ఇచ్చాడు. రిపోర్టు భేషుగ్గా వచ్చింది. ఇంకేం, లోపమంతా ఆవిడదే అయింది. ఆనాటి నుంచీ ఆ పిచ్చితల్లి పొట్ట మీద సూదులు పొడిపించుకుంటూనే ఉంది.

మొన్న బట్టలు ఉతుకుతూ ఆవిడ అతని బనీను చూసింది. ఛాతీ దగ్గర రెండు వైపులా గట్టిపడిన మరకలు. గదమాయించి అడిగితే, రొమ్ముల్లోంచి పాలు వస్తున్నాయని ఒప్పుకున్నాడు. కొన్నాళ్లుగా తలనొప్పి కూడా ఉందనీ, అది ఎండవల్లేననీ అన్నాడు. ఆవిడ వింటేగా! మళ్లీ ఆ డాక్టరమ్మ దగ్గరికే లాక్కెళ్లింది.

డాక్టరమ్మ తన ముక్కునే చూడమని, చేతులు చెరో పక్కకీ చాపి వేళ్లు ఆడించింది. ఎన్ని వేళ్లని అడిగింది.

"చేతులు ఎప్పుడు ఎత్తారండీ?" అన్నాడతను.

డాక్టరమ్మ మొహంలో నవ్వు పోయింది. మెదడు కింద చిన్న గ్రంథిలో గడ్డ లేచినట్టుందనీ, పాలు తెప్పించేదీ మగ హార్మోనుని అణిచేసేదీ అదేననీ, ఇప్పుడు కంటి నరాలని కూడా నొక్కుతోందనీ, అందుకే పక్కల ఉన్నవి కనపడటం లేదనీ చెప్పింది. మాత్రలతో కరగొచ్చట, పిల్లలూ పుట్టొచ్చట. స్కాన్ అయ్యేదాకా క్రేన్ మాత్రం ఎక్కొద్దంది. తర్వాత పాత రిపోర్టు తిరగేసింది.

"అప్పుడే తెలిస్తే చిన్నగా ఉండగానే పట్టేవాళ్లం. ఇది మీ పరీక్షేనా?"

భార్య అతని వైపు తిరిగింది. నిజం చెబితే రెండేళ్ల సూదులకి జవాబు చెప్పాలి.

"నాదేనండి."

భార్య నమ్మింది. రిపోర్టు మడత పడకుండా ఫైల్లో పెట్టింది.

సెలవు కావాలంటే చీటీలో జబ్బు పేరు రాయాలి. ఆ పేరు మధ్యాహ్నానికల్లా సైటంతా తిరుగుతుంది. ఒక్కరోజుకేమవుతుందిలే అని మర్నాడు క్రేన్ ఎక్కాడు మహానుభావుడు. జెండాగాడికి కూడా చెప్పలేదు.

ఇనుప కడ్డీల కట్ట పైకి లేచింది. ఎదుటి గోడ తేటగా కనిపిస్తోంది. జెండాగాడు ఎప్పటిలాగే కింద ఎడమ పక్కన నిలబడ్డాడు. ఎర్రజెండా ఎత్తితే ఆపాలి. అతనికి ఏ జెండా కనపడలేదు, కట్టని దించుతూ పోయాడు. కింద జెండాగాడి ఈల మోగింది. ఆపకుండా మోగి, ఠక్కున ఆగిపోయింది.

అప్పుడు తల తిప్పి చూశాడు.