జాబితాలో లేని తొలిచూలు

నేను ఒక వేపచెక్క తలుపును. వీరవేణిని చంపింది గోదారి వరద కాదు, జాబితా. ఇందులో వాదించడానికేమీ లేదు.

గోదారి మధ్య లంకలో మహలక్ష్మమ్మ ఇంటికి నన్ను బిగించి ఇరవై ఏళ్ళు. కోసినవాడు, చిత్రిక పట్టినవాడు ఇద్దరూ పోయారు. కూతురు వీరవేణి ఏడో నెలలో పురిటికి పుట్టింటికొచ్చింది. నడుం నొప్పెడితే నన్ను ఆనుకుని నిలబడేది.

"ఈ ఇంట్లో నాకు సలహాలు చెప్పనిది నువ్వొక్కదానివే" అనేది నాతో.

ఆగస్టులో వరద హెచ్చరిక వచ్చింది. నెలలు నిండినవాళ్ళను ముందే ఆసుపత్రికి చేర్చాలని ఇంజను పడవ పంపారు. మంచి పనే. నీళ్ళు అప్పటికే అరుగు తాకాయి. పడవ నా ఎదురుగా ఆగింది. వీరవేణి సంచీతో సిద్ధంగా ఉంది. పడవలో ఉద్యోగి కాగితం చూశాడు.

"నీ పేరు లేదమ్మా. అత్తారి ఊళ్ళో రాయించుకున్నావు. అక్కడి పడవ తీసుకెళ్తుంది."

"అత్తారూరు ఏటికవతలండి. నేనూ నా కడుపూ ఇక్కడున్నాం."

"పేరు లేకుండా ఎక్కిస్తే నన్నంటారు. ఫోను చేస్తాలే."

"కళ్ళెదుట ఇంత కడుపుంటే కాగితమెందుకయ్యా?" అంది మహలక్ష్మమ్మ.

పడవలో ఇద్దరికి చోటుంది. అలాగే వెళ్ళిపోయింది.

అదే పొద్దున అవతలి ఊళ్ళో పడవవాళ్ళు ఆమె ఏదని మొగుడు ఏడుకొండలును అడిగారట. "తొలి కాన్పు కదండీ, పుట్టింటికి పంపేశాం" అన్నాడట, గొప్పగా. అక్కడ పేరు కొట్టేశారు. మరి ఇవతల రాశారా అని అతను అడగలేదు. అతన్నీ క్షమించను.

మధ్యాహ్నానికి నొప్పులు మొదలయ్యాయి. వీధిలో నడుం లోతు నీళ్ళు. నన్ను ఊడబీకి, కింద అరటి బోదెలు కట్టి, ఆమెను నా మీద పడుకోబెట్టారు. మెరక మీదున్న బడికైనా పడవ వస్తుందని అటు తోశారు. దారిలోనే ఆడపిల్ల పుట్టింది. పిల్ల ఏడ్చింది. తల్లికి రక్తం ఆగలేదు. ఆపే మందు ఆసుపత్రిలో ఉంది, మేం నీళ్ళలో ఉన్నాం.

పడవ వచ్చేసరికి వీరవేణి లేదు. ఈసారి ఎవరూ కాగితం తీయలేదు.

వరద తీశాక నన్ను మళ్ళీ బిగించారు. ఒకనాడు ఇద్దరు ఉద్యోగులొచ్చారు. ఏడుకొండలు పిల్లను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"ఈ మరణం మీ ఊరి కింద రాయాలా, మీ అత్తగారి ఊరి కిందా? రెండు ఊళ్ళవాళ్ళూ మాది కాదంటున్నారు."

మహలక్ష్మమ్మ లేచి వాళ్ళ ముఖాన నన్ను మూసేసింది.

ఈ సంగతి ఇంకెప్పుడూ ఎత్తను. మీరూ అడగొద్దు.