మెడపట్టి గెంటే సిగ్నల్

పొద్దున ఆఫీసుకని వెళ్లిన చెల్లెలు కాసేపటికే తిరిగొచ్చి, మెడలోని కార్డు తీసి వంటగట్టు మీద పడేసింది.

“గేటు తెరుచుకోలేదక్కా. గేటు దగ్గరాయన లోపలికి ఫోన్ చేసి, ‘మీరిక రానక్కర్లేదటమ్మా’ అన్నాడు. నిన్నటి నా టిఫిన్ డబ్బా కూడా లోపలే ఉండిపోయింది.”

అక్క స్టవ్ కట్టేసింది. “ఏం జరిగింది?”

చెల్లెలు రక్తపరీక్షల ల్యాబులో కంప్యూటర్లు చూసుకుంటుంది. నిన్న మధ్యాహ్నం రిపోర్టుల ప్రోగ్రాం బిగుసుకుపోయినట్టు కనిపించింది. ఏం నొక్కినా ఉలకలేదు, పలకలేదు. కౌంటర్ దగ్గర జనం గోల. సరే, దాన్ని ఆపి మళ్లీ మొదలుపెడదామని ప్రోగ్రాములని ఆపే ‘సైగ’ అనే పనిముట్టు మాన్యువల్ తెరిచి, అందులో మొదటి ఉదాహరణ ఎలా ఉంటే అలా కొట్టింది. ప్రోగ్రాం ఠపీమని చచ్చింది. తీరా చూస్తే అది బిగుసుకుపోలేదు, పొద్దుటి నుంచి చేసిన రిపోర్టులన్నీ డిస్కులోకి ఎక్కిస్తోంది. సగంలో పీక నులిమేసరికి అన్నీ గల్లంతయ్యాయి. ఆ జనమంతా మళ్లీ వచ్చి చేతులు చాపి సూదులు పొడిపించుకోవాలి.

“మాన్యువల్ చదవకుండా కొట్టానని మేనేజర్ పైవాళ్లకి రాశాడట. చదివే కొట్టానక్కా. అదే నా ఖర్మ.”

అక్కకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ సైగని నడిపేది ఆమే మరి.

కంప్యూటర్లో నడుస్తున్న ప్రోగ్రాముని పేరుతో వెతికి పట్టుకుని దానికి సిగ్నల్ పంపడమే సైగ పని. నల్లటి తెర మీద ఒక్క లైను కొడితే చాలు. ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు. అక్క బయట ఉద్యోగం చేసుకుంటూనే, మిగిలిన తీరికంతా దానికి ధారపోసింది. తప్పులు దిద్దడం, మాన్యువల్ రాయడం, ముక్కూమొహం తెలియనివాళ్లచేత తిట్లు తినడం, అన్నీ ఆమె పనే. సైగ పంపే సిగ్నళ్లలో రెండు ముఖ్యం. ఒకటి, ‘చేతిలో పని ముగించుకుని వెళ్లు’ అని ప్రోగ్రాముకి చెబుతుంది. రెండోది చెప్పడం, వినడం ఏమీ లేకుండా మెడపట్టి గెంటేస్తుంది. మాన్యువల్లో మొదటి ఉదాహరణగా అక్క మర్యాదగా చెప్పేదాన్నే పెట్టింది. దాన్ని పీకేసి, గెంటేదాన్ని ఎక్కించినవాడు గడ్డం.

అందరూ గడ్డం అని పిలిచే అతను ఆమెతో కలిసి సైగని చూసుకునే మనిషి, వేరే ఊళ్లో ఉంటాడు. జనానికి ఓపిక లేదు, ఒక్క దెబ్బకి చంపేదే కావాలి అని అప్పట్లో వాదించాడు. అక్క వద్దంది. మళ్లీ వద్దంది. గోడకి చెప్పుకున్నట్టయింది.

ముందు ల్యాబు మేనేజర్‌కి ఫోన్ చేసింది.

“మీరు ఆవిడకి అక్కగారు. ఇంకెలా మాట్లాడతారు లెండి,” అన్నాడాయన తాపీగా. “ఆ లైను ఎవరు రాశారో వాళ్లని చెప్పమనండి, వింటాను.”

వెంటనే గడ్డానికి చేసి, ఆ లైను తనదేనని మేనేజర్‌కి ఉత్తరం రాయమంది. అంతా విని అతను అడ్డం తిరిగాడు.

“లైసెన్సులో ఉంది కదా. ఏ హామీ లేదని పెద్ద పెద్ద అక్షరాలతో.”

“హామీ లేదని లైసెన్సులో రాసి, కత్తి తెచ్చి మొదటి ఉదాహరణలో పెడతావా?”

“కింద ‘జాగ్రత్తగా వాడండి’ అని ఉందిగా తల్లీ.”

“ఎక్కడ, పాతాళంలోనా? బయట జనం అరుస్తుంటే అంత కిందికి ఎవరు దిగుతారు? నువ్వు దిగుతావా?”

“తప్పు మాదేనని ఇవాళ ఉత్తరం రాస్తే, రేపు దారిన పోయే ప్రతివాడూ మన మీద పడతాడు. సైగ పరువేం కావాలి?”

“నీ పరువు సంగతి రెండోసారి సూది పొడిపించుకునే ముసలమ్మనడుగు, చెబుతుంది.”

ఫోన్ పెట్టేసి మాన్యువల్ తెరిచింది. గడ్డం ఉదాహరణ తీసేసి, తన పాతది మళ్లీ ఎక్కించింది. దాని కింద ఇలా రాసింది: ‘ఇదివరకు ఇక్కడ ఉన్న ఉదాహరణ తప్పు. మాలో ఒకరు వద్దన్నా వినకుండా ఇంకొకరు పెట్టారు. దాన్ని నమ్మినందుకు ఒకామె ఉద్యోగం పోయింది.’ అది గడ్డానికి పంపి, సాయంత్రం విడుదల చేస్తున్నానని చెప్పింది. సైగ ఉన్న ప్రతి కంప్యూటర్లోకీ ఆ ముక్క వెళుతుంది. మాన్యువల్ చివర ఉండేవి రెండే పేర్లు, అక్కదీ గడ్డానిదీ.

గడ్డం నుంచి వెంటనే ఫోన్ వచ్చింది.

“నన్ను బజారుకీడుస్తావా? ఇది బెదిరింపు.”

“కాదు. ఇది మర్యాద సిగ్నలే. చేతిలో పని ముగించుకోమంటున్నాను. వినకపోతే రెండోది ఎలాగూ ఉంది, నీకిష్టమైనదే.”

గడ్డం దిగొచ్చాడు. “ఆ మేనేజర్ అడ్రసు పంపు,” అన్నాడు.

ఉత్తరం పొడిపొడిగానే రాశాడు. అయినా తప్పు తనదేనని రాశాడు, ఆమె మాన్యువల్ చెప్పినట్టే చేసిందని కూడా రాశాడు. పొద్దు వాలకముందే మేనేజర్ చెల్లెలికి ఫోన్ చేసి, రేపటి నుంచి రమ్మన్నాడు. పొరపాటైంది అన్న ముక్క మాత్రం ఆయన నోట రాలేదు. ఒక్క మాట అడగకుండా మనిషి కార్డు చంపేసినవాడు, అదేదో తాను దయతలిచి బతికించినట్టు మాట్లాడాడు.

“వాడి మొహం. అయినా వెళతాను,” అంది చెల్లెలు. “నా డబ్బా ఉందక్కడ. అక్కా, ఆ మాన్యువల్లో నా ఊసు తీసెయ్యవే. చదివినవాళ్లు నవ్వుకుంటారు.”

అక్క ఉద్యోగం పోయిందన్న వాక్యం తీసేసింది. ఇంతలో గడ్డం మళ్లీ చేశాడు.

“రాశాను కదా. మొత్తం తీసేసినట్టేగా?”

“మా చెల్లెలి ముక్క తీశాను, నీ ముక్క కూడా తీస్తాను. ఉదాహరణ తప్పన్నది మాత్రం ఉంటుంది.”

“ఎన్నాళ్లు?”

“పాత మాన్యువల్ చూసి నీ లైను కొట్టేవాళ్లు ఉన్నన్నాళ్లు.”

ఇక వాదన వినలేదు. విడుదల మీట నొక్కి, స్టవ్ వెలిగించింది.