పొట్ట వేసిన టైర్లు

నా భర్త బస్సు డిపోలో టైర్ల మేస్త్రీ. నా తమ్ముడు అక్కడే డ్రైవరు. వానలో, మలుపు దగ్గర వాడి బస్సు జారి గోడను గుద్దింది. కండక్టరు కాలు విరిగింది. వేగమే కారణమన్నారు. వాడి ఉద్యోగం ఉంటుందో పోతుందో విచారణలో తేలాలి.

విచారణ నాటి ఉదయం నా భర్త షెడ్డులో ఆ బస్సు టైరును అడ్డంగా కోసి, పాతరకం టైరు ముక్క పక్కన పెట్టారు.

"ఇటు చూడు. పాతదాంట్లో దారాల పొరలు ఏటవాలుగా ఒకదాన్నొకటి కోసుకుంటూ పోతాయి, బుట్ట అల్లికలాగ. అందుకే పక్కలు బిర్రుగా నిలబడతాయి. ఈ కొత్తరకం రేడియల్‌ టైరులో దారాలు ఈ అంచు నుంచి ఆ అంచుకి తిన్నగా ఉంటాయి. పైన ఉక్కు పట్టీలు, పక్కలేమో మెత్తన. సరిపడా గాలి ఉన్నా కాస్త పొట్ట వేస్తుంది."

"అయితే?"

"ఆ పొట్ట చూసి గాలి చాల్లేదనుకున్నా. అది పోయేదాకా గాలి కొట్టించా."

టైరు నడుమ నున్నగా అరిగిపోయింది. అంచుల్లో గాడులు కొత్తవాటిలాగే ఉన్నాయి. గాలి ఎక్కువై నడిమి భాగమే నేలను తాకుతూ వచ్చిందన్నమాట. తడి రోడ్డు మీద ఇక పట్టు ఎక్కడిది?

"ఈ మాట విచారణలో చెప్పండి."

"ఇన్నేళ్ల చెయ్యి నాది. నవ్వుతారే!"

"నవ్వనివ్వండి. వాడి నోటి దగ్గర కూడు పోతోంది."

డిపో వరండాలో తమ్ముడు ఎదురయ్యాడు.

"ఏంటి బావా, పెళ్లికొడుకులా ఇస్త్రీ చొక్కా! భోజనాలయ్యాక వచ్చావే."

"విచారణ ఏమైందిరా?" అన్నాను.

"అయిపోయిందక్కా. ఆ టైరు అరుగుదల నేనూ చూశా, అందుకే వేగంగా నడిపానని ఒప్పేసుకున్నా. ఈ వయసులో బావని బయటికి పంపితే ఎవరు పెట్టుకుంటారు? నాకు లారీ అయినా దొరుకుతుంది."

"వేగంగా నడిపావా?"

నా భర్త నన్ను వెంటబెట్టుకుని నేరుగా విచారణ అధికారి గదిలోకి నడిచి, తెచ్చిన టైరు ముక్కలు బల్ల మీద పెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పారు.

"డ్రైవరే ఒప్పుకున్నాడు కదయ్యా! మళ్లీ తవ్వమంటావా?" అన్నాడు అధికారి.

"తవ్వాలి," అన్నాను నేను. "మిగిలిన బస్సుల్లోనూ ఈయన పెట్టించిన గాలే ఉంది. జనం ఎక్కుతున్నారు."

ఆ మాటకు అతను లేచాడు. బస్సులన్నీ ఆపించి గాలి తగ్గించమన్నాడు. తమ్ముడిని తీసేసిన ఉత్తర్వును మాత్రం మార్చలేదు. నోటితో ఒప్పుకున్న మాట ఒప్పుకున్నట్టేనట.

గేటు దగ్గర తమ్ముడు చెయ్యెత్తి, "వెళ్లొస్తా బావా!" అని కేకవేశాడు. గాలి కొలిచే గేజీ పట్టుకుని చక్రం ముందు కూర్చున్న నా భర్త తల ఎత్తలేకపోయారు.